కాటుక గీతలతో మొదలుపెట్టు

చెన్నై, టి.నగర్

అమ్మాయీ,

అండమాన్ హావ్‌లాక్‌లో డైవింగ్ చేసొచ్చి, నెపోలియన్ రాస్ చేప మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి నీ సంబరం చూసి మురిసిపోయాను. రెండోసారి చేప కోసం వెతికాను. కనబడలేదు. 'అద్భుతం' మాత్రం ఆరుచోట్ల ఉంది.

మొన్న ఫోన్లో ఏమన్నావు? "కంటి వెనక కాటుక సాగదీసినట్టు రెండు గీతలున్నాయి మావయ్యా, ఆ కన్ను నాతోపాటే తిరుగుతోంది" అన్నావు. అది వ్యాసంలో ఏదమ్మా? నెపోలియన్ రాస్ అనగానే అందరూ నుదుటి మీది మూపురమే చెబుతారు. కాటుక నీది. దాంతోనే మొదలుపెట్టు.

'ఊపిరి బిగపట్టి చూశాను' అని రాశావు. నీళ్లలో ఊపిరి బిగపట్టకూడదన్నది డైవింగ్‌లో మొదటి పాఠమని నువ్వే చెప్పావుగా! నువ్వు చేసింది వేరు. బుడగల చప్పుడుకి చేప బెదురుతుందని ఊపిరి మెల్లగా వదిలావు. అది రాయి. అరువు మాట వాడితే జరిగింది చెరిగిపోతుంది.

నేనూ ఈ తప్పు చేశాను. కుర్రతనంలో తెల్లవారుజామున కాశిమేడు హార్బర్లో నలుగురు ఈడ్చుకొస్తున్న కళవా చేపను చూసి 'సముద్ర రాక్షసి' అని రాశాను. అచ్చయింది కూడా. దాని నోరింకా ఆడుతోంది అప్పటికి. ఆ ఒక్క మాటతో దాని చావు న్యాయమే అన్నట్టయింది. ఇప్పటికీ ఆ మాట నన్ను గుచ్చుతుంది.

నీ రాస్ చేప 2 మీటర్ల దాకా పెరుగుతుంది, 30 ఏళ్లు బతుకుతుంది, కొన్ని ఆడచేపలు పెద్దయ్యాక మగవవుతాయి అంటూ అన్నీ ఒకే పేరాలో గుమ్మరించావు. పగడాల్ని తినేసే ముళ్ల నక్షత్రచేపను ఇది తింటుందన్న సంగతి, నువ్వు పగడాల మీదుగా ఈదుతున్న చోట చెప్పు. గుడ్లు పెట్టే ఈడు రావడానికి దీనికి 5 ఏళ్లయినా పడుతుంది. హాంకాంగ్ హోటళ్లలో అడిగేదేమో పళ్లెంలో పట్టేంత చిన్నదాన్ని. అంటే ఒక్కసారైనా పిల్లల్ని కనకముందే పట్టేస్తున్నారు. 2004లో దీన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చారని ఒక ముక్కలో తేల్చేశావు. ఆ పళ్లెం దగ్గర కాసేపు ఆగు. నీకు ఏడుపొచ్చింది అక్కడే కదా.

'అది వెళ్లిపోయింది' అని ముగించావు. ఎటు వెళ్లింది? లోతుకా, పగడాల చాటుకా? అప్పుడు నీ గైడ్ చేత్తో ఏం సైగ చేశాడు? అవి రాసుకుని ఆదివారం రా. అత్తయ్య పెసరట్లు పోస్తానంది.

ఆశీస్సులతో,
మావయ్య