వరదలో తాళం పగలగొట్టాం: దొంగతనం అవుతుందా?

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడ సింగ్‌నగర్‌లో నాలుగు కుటుంబాలం మేడ మీద చిక్కుకుపోయాం. రెండు రోజులు పసిపిల్లలకు పాలు లేవు. పక్క మేడపై ఉన్న కిరాణా గోదాము తాళం పగలగొట్టి పాలపొడి, బిస్కెట్లు, నీళ్ల సీసాలు, ఫోన్ల ఛార్జింగు కోసం ఇన్వర్టరు తెచ్చుకున్నాం. ఎవరికి ఎన్ని ఇచ్చామో క్యాలెండరు వెనుక రాశాం, ఆ కాగితం ఎక్కడో ఉండాలి. యజమాని దొంగతనం కేసు పెట్టారు. పోలీసు నోటీసు వచ్చింది. ప్రాణాలు పోతుంటే తప్పొప్పులు చూస్తారా? ఏడాది దాటాక కేసు నిలుస్తుందా? ఇన్వర్టరు ఇంకా మా ఇంట్లోనే ఉంది. కొన్నట్లు పాత తేదీతో బిల్లు రాయించుకోమని బంధువులు అంటున్నారు.

జవాబు: మీ ఉత్తరం నిండా ఆకలి గురించే ఉంది. కేసు తేలేది మాత్రం ఇన్వర్టరు దగ్గర.

పాలపొడి విషయంలో మీకు గట్టి ఆధారమే ఉంది. దురుద్దేశం లేకుండా, మరో కీడును తప్పించడానికి సద్భావంతో చేసిన పని నేరం కాదని భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన నేర చట్టం) 19వ సెక్షన్ చెబుతుంది. పెద్ద అగ్నిప్రమాదంలో మంటలు పాకకుండా ఇళ్లు పడగొట్టిన మనిషిని అక్కడే ఉదాహరణగా చూపించింది. కానీ ఆపదలో నియమాలన్నీ రద్దయిపోతాయన్న వాదన కోర్టులో ఎత్తకండి. నడిసముద్రంలో ఆకలికి తాళలేక పదిహేడేళ్ల కుర్రవాణ్ణి చంపి తిన్న ఇద్దరు నావికులు అలాగే వాదించారు. 1884లో ఇంగ్లాండు కోర్టు ఒప్పుకోక మరణశిక్ష వేసింది. తర్వాత అది ఆరు నెలల జైలుగా తగ్గింది.

నీళ్లు తీశాక, కరెంటు వచ్చాక ఇన్వర్టరు మీ ఇంట్లో ఎందుకుంది? మొదటి నుంచీ కాజేసే ఉద్దేశమే ఉందనడానికి అవతలి లాయరుకు అదొక్కటి చాలు. ఇన్నాళ్లూ తిరిగి ఇవ్వకపోవడం క్షమించరాని అశ్రద్ధ.

గడువు మీద ఆశ పెట్టుకోకండి. మామూలు దొంగతనం కేసును కోర్టు చేపట్టడానికి మూడేళ్ల గడువుంది. తాళం పగలగొట్టి దొంగిలించారని అదే సంహితలోని 331(3) సెక్షన్ పెడితే శిక్ష పదేళ్ల దాకా ఉంటుంది కాబట్టి గడువు అడ్డే రాదు.

ఆ బిల్లు జోలికి పోవద్దు. తప్పుడు సాక్ష్యం సృష్టిస్తే ఏడేళ్ల దాకా జైలు. పైగా నిజంగా పసిపిల్లల కోసం చేసిన పనిని కూడా అప్పుడు ఎవరూ నమ్మరు.

19వ సెక్షన్ వర్తిస్తుందని చూపించే భారం మీదే. అందుకే ఈ రోజే ఆ క్యాలెండరు కాగితం వెతకండి. పెన్సిలు గీత కూడా దిద్దకండి, లామినేషను చేయించకండి. అప్పటి ఫొటోలున్న ఫోను అమ్మకండి. మిగతా మూడు కుటుంబాల వాళ్లు సాక్ష్యం చెబుతారో లేదో ఇప్పుడే కనుక్కోండి.

స్థానిక న్యాయవాదిని పెట్టుకుని, ఆయన ద్వారానే ఇన్వర్టరును దర్యాప్తు అధికారికి అప్పగించి రసీదు తీసుకోండి. తిన్న సరుకుల ఖరీదు చెల్లిస్తామని యజమానికి రాసే ఉత్తరం కూడా ఆయనే రాయాలి; మీరు రాస్తే నేరం ఒప్పుకున్నట్లు చదువుతారు. యజమాని సరేనంటే మామూలు దొంగతనం కేసు రాజీ చేసుకోవచ్చు. 331 సెక్షన్ ఉంటే మాత్రం కేసు కొట్టేయమని రాజీపత్రంతో హైకోర్టుకే వెళ్లాలి. నోటీసులో ఉన్న తేదీకి తప్పక హాజరు కండి, వెళ్లకపోతే అరెస్టుకు మీరే దారి ఇచ్చినట్లవుతుంది.