నిమిషాల్లో వచ్చే ఫలితం ఏం చెబుతుంది, ఏం చెప్పదు?

ప్రశ్న: తిరుపతిలో సెక్స్ వర్క్ చేసే మహిళల మధ్య పనిచేసే ఒక సంస్థలో నేను పీర్ ఎడ్యుకేటర్‌ని, అంటే తోటివారికి ఆరోగ్య విషయాలు చెప్పే కార్యకర్తను. రక్తం ఇచ్చి వెళ్లినవారిలో చాలామంది రిపోర్టు కోసం తిరిగి రారు. అందుకని మా శిబిరంలో వేలికొన గుచ్చి అక్కడికక్కడే చేసే సిఫిలిస్ పరీక్ష మొదలుపెట్టారు. రెండేళ్ల క్రితం ఇంజక్షన్లన్నీ చేయించుకున్న ఒక అక్కకు ఇప్పుడు మళ్లీ పాజిటివ్ వచ్చింది. జబ్బు పోలేదని ఆమె కుమిలిపోతోంది. ఈ పరీక్షను నమ్మవచ్చా? నెగెటివ్ వస్తే ఏ సుఖవ్యాధీ లేనట్టేనా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఈ ఒక్క ఫలితాన్ని బట్టి జబ్బు పోలేదని అనుకోవడానికి వీల్లేదని ముందుగా ఆ అక్కకు చెప్పండి. ఈ పరీక్ష వెతికేది సిఫిలిస్ క్రిమిని కాదు, దాన్ని ఎదుర్కోవడానికి ఒంట్లో పుట్టిన యాంటీబాడీలను. చికిత్స పూర్తయి జబ్బు నయమైనా అవి చాలామంది రక్తంలో జీవితాంతం ఉండిపోతాయి కనుక, ఆమెకు ఎన్నిసార్లు చేసినా పాజిటివ్ రావచ్చు. ఆమె విషయంలో ఉపయోగపడేది ఆర్‌పీఆర్ అనే రక్తపరీక్ష. దాని ఫలితాన్ని 1:4, 1:16 అని రాస్తారు; రెండో అంకె ఎంత పెద్దదైతే స్థాయి అంత ఎక్కువని అర్థం. చికిత్స తర్వాత తగ్గిన స్థాయి ఇప్పుడు నాలుగు రెట్లు పెరిగిందంటే మళ్లీ సోకిందని అనుమానించాలి. పాత చీటీలు తీసుకుని, రుయా ఆస్పత్రి చర్మ, సుఖవ్యాధుల విభాగానికి మీరే ఆమె వెంట వెళ్లండి. ఒంటరిగా పంపితే మధ్యలోనే వెనుదిరిగే అవకాశం ఎక్కువ.

ఇంతకుముందు ఎన్నడూ చికిత్స పొందనివారికి మాత్రం ఈ పరీక్ష ఎంతో మేలు చేస్తుంది. పాజిటివ్ వచ్చిన రోజే, పెనిసిలిన్ పడుతుందో లేదో అడిగి తెలుసుకుని, 24 లక్షల యూనిట్ల బెంజాథిన్ పెనిసిలిన్ ఇవ్వవచ్చు. జబ్బు కొత్తదైతే ఒక్క మోతాదు సరిపోతుంది. ఎప్పుడు సోకిందో తెలియకపోతే వారానికొకటి చొప్పున మూడు మోతాదులు కావాలి. గర్భిణి అయితే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడదు, ఎందుకంటే బిడ్డ కడుపులోనే చనిపోయే ప్రమాదం ఉంటుంది. ఇంజక్షన్ ఇచ్చే ఏర్పాటు లేకుండా పరీక్ష ఒక్కటే పెట్టిన శిబిరం వల్ల, నా దృష్టిలో, సగం ప్రయోజనం కూడా లేదు.

ఇక నెగెటివ్ సంగతి. సిఫిలిస్ సోకిన తొలి వారాల్లో యాంటీబాడీలు ఇంకా తయారై ఉండవు కాబట్టి పరీక్షకు దొరక్కపోవచ్చు. పైగా గనేరియా, క్లామిడియా అనే ఇతర సుఖవ్యాధుల గురించి ఈ పరీక్ష ఏమీ చెప్పదు. ఆ రెండూ సోకిన స్త్రీలలో చాలామందికి తెల్లబట్ట, నొప్పి వంటి లక్షణాలేవీ కనిపించవు. లక్షణాలను చూసి మందులిచ్చే పద్ధతిలో వారంతా తప్పిపోతారు, వ్యాధి లోలోపల గర్భాశయ నాళాలను దెబ్బతీస్తుంది. క్రిమి జన్యుపదార్థాన్ని గుర్తించే యంత్రం గంటన్నరలో ఈ రెండింటినీ పట్టుకోగలదు. అందుకు కావలసిన నమూనాను స్త్రీ తానే దూదిపుల్లతో తీసుకోవచ్చు, డాక్టరు తీసినదానికి అది ఏమాత్రం తీసిపోదు. పరీక్ష బల్ల ఎక్కడానికి సిగ్గుపడేవారికి ఈ సంగతి తప్పక చెప్పండి.

మీ కిట్ హెచ్‌ఐవీని కూడా చూసే రకమైతే, 2017 నాటి చట్టం ప్రకారం ముందుగా పరీక్ష చేయించుకునేవారి సమ్మతి తీసుకోవాలి, ఫలితాన్ని గోప్యంగా ఉంచాలి. వరుసలో నిలబడ్డవారి ఎదుట ఏ ఫలితాన్నీ పైకి చదవకండి. సందేహాలుంటే జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. అక్క ఆర్‌పీఆర్ అంకెను తేదీతో సహా చీటీ మీద రాయించి భద్రపరచమనండి; వచ్చేసారి డాక్టరు పోల్చి చూసేది దానితోనే.