మక్క సుడిలోని పురుగుకు పల్లి లద్దె పురుగు లూర్లు పనికొస్తాయా?

ప్రశ్న: మాది కల్వకుర్తి దగ్గర ఊరు. రెండెకరాల చెల్కలో మక్క వేసి 25 రోజులైంది. సుడిలో పురుగు పడి ఆకులన్నీ చిల్లులు పడ్డాయి. పక్క చేను ఆయన ఇది ఆముదానికి వచ్చే దాసరి పురుగే అంటున్నాడు. మందుల షాపులో చూపిస్తే ‘ఇది కూడా స్పోడోప్టెరానే, పల్లిలో వచ్చే లద్దె పురుగు లాంటిదే’ అన్నారు. పోయిన యాసంగిలో పల్లి చేనుకు తెచ్చిన లూర్లు (రెక్కల పురుగులను బుట్టలోకి రప్పించే వాసన ఎరలు), ఎన్‌పీవీ అనే వైరస్ ద్రావణం మిగిలి ఉన్నాయి. వాటితో పని జరుగుతుందా? ఇంకో మడిలో వరి కూడా వేస్తున్నాం. దానికీ పాకుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఫొటోలు పంపుతున్నాను సార్.
– ఒక రైతు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: మీ దగ్గర మిగిలిన లూర్లు, ఎన్‌పీవీ రెండూ ఈ చేనుకు పనికిరావు. షాపులో చెప్పింది అబద్ధమేమీ కాదు, కాకపోతే సగమే చెప్పారు. ఫొటోలను బట్టి ఇది కత్తెర పురుగు. దీని శాస్త్రీయ నామం స్పోడోప్టెరా ఫ్రుజిపెర్డా. పల్లిలో మీరు చూసిన పొగాకు లద్దె పురుగు స్పోడోప్టెరా లిట్యూరా. మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత వచ్చినట్టే పురుగులకూ మొదటి మాట ప్రజాతి, రెండోది జాతి. ఇంటిపేరు కలిసింది కాబట్టి చుట్టరికం నిజమే. కానీ ఆడ రెక్కల పురుగు మగదాన్ని రప్పించుకోవడానికి వదిలే వాసన ఒక్కో జాతిలో ఒక్కో రకం. లూరులో ఉండేది ఆ వాసనే. లిట్యూరా లూరు పెట్టిన బుట్టలో కత్తెర పురుగు పడదు. బుట్ట ఖాళీగా ఉంది కదా అని మీరు నిమ్మళంగా ఉంటే సుడిలో దాని పని అది చేసుకుపోతుంది.

ఎన్‌పీవీ కూడా అంతే. అది పురుగుకు జబ్బు తెచ్చే వైరస్. లద్దె పురుగు కోసం తయారు చేసిన ద్రావణం లద్దె పురుగు మీదే బాగా పనిచేస్తుంది. కత్తెర పురుగుకు వేరే ఎన్‌పీవీ ఉంది, బెంగళూరులోని జాతీయ కీటక వనరుల సంస్థ దాన్ని విడిగా గుర్తించింది. పైగా మీది ఎండాకాలమంతా ఇంట్లో ఉన్న ద్రావణం. దాని బలం ఎప్పుడో తగ్గి ఉంటుంది.

వర్గీకరణలో పైమెట్లకు వెళ్తే సంగతి మారుతుంది. ఈ రెండు పురుగులూ ఆర్థ్రోపోడా విభాగంలో, కీటకాల తరగతిలో, లెపిడోప్టెరా క్రమంలో, నాక్టుయిడే కుటుంబంలోనే ఉన్నాయి. బీటీ బాక్టీరియా పొడిలో మనం వాడే రకం లెపిడోప్టెరా పురుగులన్నిటికీ ఉద్దేశించినది కాబట్టి చిన్న దశలో రెండింటి మీదా పనిచేస్తుంది. మెటారైజియం రైలీ అనే బూజు ముఖ్యంగా నాక్టుయిడే పురుగులను పడుతుంది. వాన ముసురులో సుడిలో పురుగు గట్టిపడి, పైన తెల్లగా, తర్వాత పచ్చగా బూజు కనిపిస్తే అది ఇదే. అలాంటి వాటిని ఏరి పారేయకండి, చేలోనే ఉండనివ్వండి.

ఇక దాసరి పురుగు. దాని పేరు అకియా జనాటా. మేం చదువుకునే రోజుల్లో దాన్ని కూడా నాక్టుయిడేలోనే రాసేవాళ్లం, ఇప్పుడు ఎరెబిడే అనే కుటుంబంలోకి మార్చారు. మీకు ఆ గొడవ అక్కర్లేదు, అది నడిచే తీరు చూస్తే చాలు. దాసరి పురుగు నడుము పైకెత్తి, వంచుకుంటూ జరుగుతుంది. కత్తెర పురుగు నేలకు ఆనుకుని పాకుతుంది. ఆముదం తినే దాసరి పురుగు మక్క సుడిలో కాపురం పెట్టదు.

అనుమానం తీరాలంటే ఒక సుడి ఊడదీసి, అర అంగుళం దాటిన పురుగును అరచేతిలో పెట్టుకోండి. తల మీద తెల్లటి గీతలు తిరగేసిన ఇంగ్లిష్ ‘వై’ అక్షరంలా కలుస్తాయి. అసలు గుర్తు తోక దగ్గర ఉంటుంది. చివరి నుంచి రెండో కణుపు మీద 4 నల్ల చుక్కలు చతురస్రంగా, ముగ్గు చుక్కలు పెట్టినంత సరిగ్గా కనిపిస్తాయి. లిట్యూరాకు ఈ చతురస్రం ఉండదు, ఒంటికి రెండు పక్కలా నల్ల మచ్చలు ఉంటాయి. మరీ చిన్న పురుగుల్లో ఈ గుర్తులు తేలవు. అప్పుడు ఆకు మీద పత్రహరితం గీకేసిన తెల్ల పొరలు, ఆకు అడుగున నూగు కప్పిన గుడ్ల గుంపులు వెతకండి. పురుగు పెద్దదైతే సుడి నిండా రంపపు పొట్టు లాంటి లద్దె (పురుగు పెంట) కనిపిస్తుంది.

ఇది మన పురుగు కాదు, అమెరికా ఖండాలది. 1797లో జేమ్స్ ఎడ్వర్డ్ స్మిత్ దీనికి మొదట ఫలీనా ఫ్రుజిపెర్డా అని పేరు పెట్టాడు. ప్రజాతి తర్వాత మారింది, జాతి పేరు మాత్రం అలాగే నిలిచింది. 2016లో ఆఫ్రికాలో, 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గలో బయటపడింది. ఆ ఏడే మన మక్క చేలకూ వచ్చింది. రెక్కల పురుగు గాలి వాలును బట్టి ఒక్క రాత్రిలో 100 కిలోమీటర్ల దాకా ఎగరగలదు, అందుకే అంత తొందరగా పాకింది. పైరిథ్రాయిడ్, ఆర్గానోఫాస్ఫేట్ మందులను తట్టుకునే గుణం దీనికి సొంత గడ్డ మీదే అలవడింది. కాబట్టి షాపులో అలాంటి పాత మందు అంటగడితే డబ్బు దండగ.

ఇప్పుడు చేయాల్సిన పని. చేలో 5 చోట్ల 20 మొక్కల చొప్పున చూడండి. 100కు 10 మొక్కలు తాజాగా దెబ్బతింటే మందు కొట్టాల్సిందే. పురుగులు చిన్నవైతే ఇమామెక్టిన్ బెంజోయేట్ 5 శాతం గుళికలు లీటరు నీటికి 0.4 గ్రాములు, లేదా క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 శాతం ద్రావణం 0.4 మి.లీ. కలిపి కొట్టండి. రెండూ కలపొద్దు. మందు ఆకుల పైన కాదు, సుడిలో పడాలి. నాజిల్ సుడి మీదికి వంచి, సాయంత్రం పూట కొట్టండి. పురుగు బాగా పెరిగి సుడి అడుక్కి దిగితే మందు దానికి అందదు. అప్పుడు విషపు ఎర వేయాలి. 10 కిలోల తవుడు, 2 కిలోల బెల్లం, 2–3 లీటర్ల నీళ్లు కలిపి ఒక రోజు పులియబెట్టి, వేసే ముందు అరగంటకు 100 గ్రాముల థయోడికార్బ్ కలిపితే ఎకరానికి సరిపోతుంది. చేతులకు గ్లౌజులు వేసుకుని సుడుల్లో వేయండి. కోళ్లను, పశువులను ఆ చుట్టుపక్కలకు రానివ్వకండి. ఆ మక్కను పచ్చి మేతగా కోయొద్దు.

బుట్టలు పెట్టాలనుకుంటే ఎకరానికి 4 చాలు, కత్తెర పురుగు లూర్లే అడిగి తెచ్చుకోండి. వాటిలోనూ అప్పుడప్పుడు వేరే రెక్కల పురుగులు పడతాయి. మగ కత్తెర పురుగు ముందు రెక్క కొసన తెల్లటి మచ్చ ఉంటుంది, అవే లెక్కపెట్టండి.

వరి గురించి: ఈ జాతిలోనే మక్క తెగ, వరి తెగ అని రెండున్నాయి, చూపుకు తేడా తెలియదు, డీఎన్‌ఏ పరీక్షలోనే తేలుతుంది. మన దగ్గర నష్టం ఎక్కువగా మక్కలో, ఆ తర్వాత జొన్నలో కనిపించింది. వరి కంకులు కత్తిరించేది మిథిమ్నా సెపరేటా అనే వేరే ప్రజాతి పురుగు. మీ మక్కలోది అది కాదు, భయపడకండి. గట్ల మీద గడ్డిని మాత్రం ఓ కంట కనిపెట్టండి.

ఇంకా సందేహం ఉంటే పాలెం వ్యవసాయ పరిశోధన స్థానానికి నాలుగైదు పురుగులు బతికుండగా పట్టుకెళ్లండి. లేత మక్క ఆకు వేసి, ఒక్కో డబ్బాలో ఒక్కటే ఉంచండి. అన్నీ ఒకే దాంట్లో వేస్తే ఒకదాన్నొకటి తినేసి, మీరు వెళ్లేసరికి ఒకటో రెండో మిగులుతాయి.