కుక్కపిల్లలకు నట్టల మందు: ఎప్పుడు, ఎంత, ఎలా?

ప్రశ్న: మా కుక్క ఈని 25 రోజులైంది. ఐదు పిల్లలు. తల్లిపాలు తప్ప వేరేదీ ముట్టలేదు, గది దాటి బయటికి రాలేదు. నిన్న ఒకటి కక్కితే తెల్లటి దారాల్లాంటి పురుగులు చుట్టలు చుట్టుకుని పడ్డాయి. ఇంత పసివాటికి పురుగులెలా వచ్చాయి?

తల్లి నుంచేనండీ. మీ శుభ్రతలో లోపమేమీ లేదు. అవి ఏలికపాములు. కుక్కల్లో ఉండే ఈ రకాన్ని టాక్సోకారా కానిస్ అంటారు. పెద్ద కుక్క ఎప్పుడో ఈ పురుగు గుడ్లను మింగితే, వాటిలోంచి వచ్చిన పిల్లపురుగుల్లో చాలావరకు పేగులో పెరగవు. కండల్లోకి చేరి, ఏళ్లతరబడి కదలకుండా ఉండిపోతాయి. కుక్క చూలు మోసేది సుమారు 63 రోజులు. 42వ రోజు ప్రాంతంలో ఇవి మేలుకుని, మాయ దాటి కడుపులోని కూనల కాలేయంలోకి వెళ్తాయి. కూన పుట్టాక ఊపిరితిత్తుల్లోకి, అక్కడి నుంచి గొంతులోకి ఎక్కి, మింగుడుపడి పేగులోకి దిగుతాయి. మూడు వారాలు నిండేసరికి ఎదిగి గుడ్లు పెట్టడం మొదలవుతుంది. మరికొన్ని పాల ద్వారా వస్తాయి.

అందుకే, తల్లి మలం పరీక్షలో ఏమీ లేదన్నారు కదా అన్న ధీమా పనికిరాదు. కండల్లో దాక్కున్నవి మలంలో కనిపించవు, మామూలు మోతాదు మందుకు చావవు. ఒకసారి ఒంట్లో చేరితే, మళ్లీ గుడ్లేవీ మింగకపోయినా, తర్వాతి ఈతల పిల్లలకూ సోకుతూనే ఉంటాయి.

పురుగులు కనబడ్డాక మందు వేద్దామని ఆగకూడదు. పుట్టిన 14వ రోజున మొదటి మోతాదు పడాలి, గుడ్లు పెట్టే వయసు రాకముందే. ఆ తర్వాత 4, 6, 8 వారాలకు, అక్కడి నుంచి ఆరు నెలలు నిండేదాకా నెలకోసారి. ఇన్నిసార్లు ఎందుకంటే, మందు ముఖ్యంగా పేగులో ఉన్నవాటి మీదే పనిచేస్తుంది. కాలేయంలో, ఊపిరితిత్తుల్లో తిరుగుతున్నవి తప్పించుకుని రెండు వారాల్లో మళ్లీ పేగుకు చేరతాయి.

మీ పిల్లలకు ఒక మోతాదు ఇప్పటికే తప్పింది. కక్కినదానికి ఒక్కదానికే కాదు, ఐదింటికీ ఇవాళే వేయించండి. తల్లికీ అదే రోజు వేయాలి. పిల్లల కింద నాకి శుభ్రం చేసేది తల్లే కాబట్టి, వాటి మలంలో పడ్డ లేతపురుగులు దాని కడుపులోకి చేరి ఎదుగుతాయి. చాలా ఇళ్లలో మరిచిపోయేది ఈ తల్లి మోతాదునే.

ప్రశ్న: పైరాంటెల్ అనే పురుగుల మందు సిరప్ వేస్తే పురుగులు బతికే పడ్డాయి. మందు పనిచేయలేదా? మోతాదు ఎలా లెక్కవేయాలి?

పనిచేసింది. పైరాంటెల్ పురుగును చంపేలోగా ముందు దాన్ని బిగుసుకుపోయేలా చేస్తుంది. పేగు కదలికకు ఎదురీదలేక అది మలంతో బయటపడుతుంది. అందుకే కొన్ని ఇంకా మెదులుతుంటాయి. ఏమీ పడకపోయినా కంగారు అక్కర్లేదు. పురుగులు తక్కువగా ఉండొచ్చు, తల్లి నాకేసీ ఉండొచ్చు.

మోతాదు మాత్రం కంటి అంచనాతో వద్దు. గ్రాములు చూపే చిన్న తూకం మీద గిన్నె పెట్టి, ప్రతి పిల్లనూ మందు వేసే రోజునే తూచండి. ఈ వయసులో రెండు వారాల కిందటి బరువు దేనికీ పనికిరాదు. పైరాంటెల్ సాధారణంగా కిలో బరువుకు 5 నుంచి 10 మిల్లీగ్రాములు, రెండు కిలోల లోపు పిల్లలకు 10. అంటే 600 గ్రాముల పిల్లకు 6 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాములుండే సిరప్ అయితే 0.12 మి.లీ. మిల్లీలీటరుకు 4.5 మిల్లీగ్రాములుండే సిరప్ అయితే 1.3 మి.లీ. ఒకే పిల్ల, ఒకే మందు, అయినా కొలతలో పదింతలకు పైనే తేడా! పక్కింటివాళ్లు ఎన్ని చుక్కలు వేశారన్నది మీకెందుకూ కొరగాదు. సీసా మీద ఇంకొకటి కూడా చూడండి: 144 మిల్లీగ్రాముల లవణరూపం, అంటే పైరాంటెల్ పామోయేట్‌లో అసలు పైరాంటెల్ 50 మిల్లీగ్రాములే. మోతాదు లెక్క అసలు పైరాంటెల్‌కే. లెక్కకట్టిన కాగితం ఒకసారి డాక్టరుకు చూపించండి.

సీసాను బాగా కుదపాలి. మందు అడుగుకు దిగిపోతుంది. కుదపకపోతే మొదటి పిల్లకు నీళ్లు, చివరి పిల్లకు ముద్ద. సూది తీసిన 1 మి.లీ. సిరంజీతో, పిల్లను బోర్లా ఉంచి, బుగ్గ పక్క నుంచి కొద్దికొద్దిగా వదలండి. మింగాకే తర్వాతి చుక్క. వెల్లకిలా పట్టుకుని పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది.

ఫెన్‌బెండజోల్ అనే మరో పురుగుల మందు ఇస్తే లెక్క వేరు: కిలోకు 50 మిల్లీగ్రాములు, రోజుకోసారి, వరుసగా మూడు రోజులు. రెండో రోజుతో ఆపేస్తే సగం పనే.

పశువులకు వాడే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ మందును పిల్లల నోట్లో వేయడం ప్రమాదం. ఆ గాఢతలో ఒక్క చుక్క తేడా వచ్చినా చాలా ఎక్కువవుతుంది. కోలీ లాంటి కుక్కజాతుల్లో అయితే జన్యులోపం వల్ల ఆ మందు ఇంకా త్వరగా విషమవుతుంది. వెల్లుల్లి కూడా వద్దు. పురుగులు పోవు సరికదా, ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి.

ప్రశ్న: మలద్వారం దగ్గర బియ్యపు గింజల్లాంటివి కదులుతున్నాయి. ఇవీ అవేనా?

కావు. అవి బద్దెపురుగు ముక్కలు, కుక్క ఒంటిమీద గెంతే చిన్న పురుగుల (ఫ్లీల) వల్ల వస్తాయి. వీటికి పైరాంటెల్ పనిచేయదు, ప్రాజిక్వాంటెల్ కావాలి. ఫ్లీలను వదిలించకపోతే మళ్లీ వస్తాయి.

ప్రశ్న: చూడి కుక్కకు ముందే మందు వేస్తే పిల్లలకు రాకుండా ఉంటుందా?

బాగా తగ్గుతుంది, పూర్తిగా ఆగదు. చూలు 40వ రోజు నుంచి ఈనిన 14వ రోజు దాకా ఫెన్‌బెండజోల్‌ను రోజూ ఇచ్చే పద్ధతి ఉంది. డాక్టరు చెప్పిన మోతాదులోనే ఇవ్వాలి. అల్‌బెండజోల్ మాత్రం చూడి కుక్కకు వద్దు, గర్భంలోని పిల్లలకు హాని. తల్లికి ఇచ్చినా, పిల్లలకు 14వ రోజు మోతాదు తప్పదు.

ప్రశ్న: పిల్ల పొట్ట డప్పులా ఉబ్బింది. ఇంట్లో మందు వేయొచ్చా?

పొట్ట ఉబ్బినా చురుగ్గా పాలు తాగుతుంటే వేయొచ్చు. పదేపదే కక్కుతూ, పాలు వదిలేసి, పొట్ట ముట్టుకుంటే ఏడుస్తుంటే వేయకండి. పురుగులు ఉండకట్టి పేగుకు అడ్డంపడి ఉండొచ్చు, పేగులోకి పేగు జొరబడి ఉండొచ్చు. అప్పుడు మందు పడితే బిగుసుకున్న పురుగులు ఇంకా కుక్కుకుపోతాయి. వెచ్చగా చుట్టి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. చిగుళ్లు పాలిపోయి, మలం నల్లగా ఉంటే రక్తం పీల్చే కొంకిపురుగులను అనుమానించాలి. దానికీ ఆలస్యం పనికిరాదు, రక్తం ఎక్కించాల్సి రావచ్చు.

ప్రశ్న: ఇంట్లో మూడేళ్ల పాప ఉంది. తనకు అంటుతుందా?

అంటొచ్చు, కానీ ఆపడం మీ చేతిలోనే ఉంది. అప్పుడే పడ్డ మలంలోని గుడ్డు సోకదు. లోపల పిల్లపురుగు తయారవడానికి రెండు వారాలో, అంతకంటే ఎక్కువో పడుతుంది. కాబట్టి రోజూ మలం ఎత్తి పారేస్తే చాలావరకు గొలుసు తెగుతుంది. గుడ్డు మట్టిలో కలిసిందా, ఏళ్లు బతుకుతుంది. గుడ్డు పెంకు మందం, జిగట. ఫినైల్, బ్లీచింగ్ దానికి లెక్కకాదు. నేలను సబ్బుతో రుద్ది మరిగే నీళ్లు పోయండి, కుక్కపిల్లలు పడుకునే గుడ్డలు వేడినీళ్లలో ఉతకండి. పాప గోళ్లు కత్తిరించి, కుక్కపిల్లలతో ఆడినప్పుడల్లా, మట్టిలో ఆడినప్పుడల్లా సబ్బుతో చేతులు కడగండి.

మనిషి ఒంట్లో ఇవి పెద్ద పురుగులుగా ఎదగవు. పిల్లపురుగులుగానే కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో కంటిలోనో తిరుగుతాయి. పాపకు విడవని జ్వరం, దగ్గు వచ్చినా, ఒక కంటి చూపు మసకబారినా, ఇంట్లో కుక్కపిల్లలున్నాయని డాక్టరుకు ముందే చెప్పండి.