ఇంతలు కన్నులుండ: తిట్టా, పొగడ్తా?

సందేహం: మాది పర్లాకిమిడి. బయట ఒడియా, ఇంట్లో తెలుగు. ఎదురుగా ఉన్న తాళంచెవి కోసం నేను ఇల్లంతా వెతుకుతుంటే మా ఆవిడ "ఇంతలేసి కళ్ళున్నాయి, కనబడదా?" అంటుంది. అల్లసాని పెద్దన కావ్యం మనుచరిత్రలో అప్సరస వరూధిని "ఇంతలు కన్నులుండ" అన్నదీ ఇలాంటి తిట్టేనా? మరి దాన్ని శృంగార పద్యం అంటారేం? అందులోని "పల్కరించు" కూడా అర్థం కాలేదు. చావు జరిగిన ఇంటికి వెళ్ళడాన్నే మేం పలకరింపు అంటాం. ఇంకో మాట: రాసేటప్పుడు "ఇంతలేసి" అనాలా, "ఇంతేసి" అనాలా? ఇంట్లో అనే మాట రాయడానికి జంకుగా ఉంది.

సమాధానం: తిట్టేనండీ. శృంగారం ఆ తిట్టులోనే ఉంది. హిమాలయాల్లో దారి తప్పిన బ్రాహ్మణుడు ప్రవరుడు "తెరు వెద్ది?" అని అడిగాడు. తెరువంటే దారి, మన బతుకుతెరువులో ఉన్నదే. దానికి ఆమె జవాబు:

"ఇంతలు కన్నులుండ, తెరు వెవ్వరి వేడెదు భూసురేంద్ర!"

"ఇంతలు" అనేది చేత్తో కొలిచి చూపిస్తూ అనే మాట. నీ కళ్ళు ఎంత పెద్దవో చూశాను సుమా అని ముందు ఒప్పేసుకుని, ఆ తర్వాత దెప్పింది. పొగిడినట్టు పట్టుబడకుండా పొగడటమన్నమాట. మీ ఆవిడ మాటలో ఆ మొదటి సగం ఉందో లేదో మీరే తేల్చుకోవాలి!

అసలు కళ్ళ ప్రస్తావన తెచ్చింది ప్రవరుడే. "ఎవ్వతె వీవు భీతహరిణేక్షణ" అన్నాడు. బెదిరిన లేడి కళ్ళదానా అని. పాపం, అతనిది మామూలు పిలుపే. ఆమె ఊరుకుంటుందా? కళ్ళకు కళ్ళు అప్పజెప్పింది. "భీత" అన్నందుకు "నీకింత భయంబు లే కడుగ నెల్లిద మైతిమె" అని ఎదురడిగింది. ఎల్లిదమంటే చులకన. ఇంత కూడా భయం లేకుండా అడగడానికి నీకు మేం అంత చులకనయ్యామా అని. బెదిరిందెవరు, బెదరనిదెవరు? పెద్దన ఈ తిరకాసు కావాలనే పెట్టాడని నా నమ్మకం.

ఇక "నెపం బిడి పల్కరించు". ఒంటరిగా ఉన్న ఆడవాళ్ళతో ఏదో వంక పెట్టి మాట కలపడం. ఆ పని ఇక్కడ చేస్తున్నది ఆమే, నింద మాత్రం అతని మీద! పలకరించడమంటే మనమే ముందుగా మాట కలపడం. దుఃఖంలో ఉన్నవాళ్ళ దగ్గరకు వెళ్ళినా మొదట నోరు విప్పాల్సింది మనమే కాబట్టి మీ పలకరింపూ అందులోంచి వచ్చిందే.

"ఇంతలేసి", "ఇంతేసి" రెండూ రాయవచ్చు. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులు పోరాడిన ఊళ్ళో ఉంటూ ఆ మాటకు జంకడమేమిటండీ?