హీట్ గన్‌తో పాత తలుపు పెయింటు తీయడం: సమాధానం

హీట్ గన్‌తో, అంటే వేడిగాలి ఊదే పరికరంతో, పెయింటు తీస్తుంటే టేకు తలుపు నల్లబడుతోంది, తలుపుకున్న అద్దం పగిలింది, ఎక్స్‌టెన్షన్ బాక్స్ కాలుతోంది అన్నారు. ముందు ఆ బాక్స్ పక్కన పెట్టేయండి. 2000 వాట్ల గన్ 230 వోల్టుల మీద దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. మామూలు 6 ఆంపియర్ల పాయింటు దాన్ని మోయలేదు. గీజర్‌కి వాడే 16 ఆంపియర్ల పాయింట్‌లోనే నేరుగా పెట్టండి.

చెక్క నల్లబడుతోందంటే గన్‌ను ఒకేచోట నిలిపి ఉంచుతున్నారని అర్థం. రెండంగుళాల దూరం ఉంచి, మెల్లగా కదుపుతూనే ఉండండి. పెయింటు ముడతలు పడి బుడగలు లేస్తుంది. ఆ క్షణంలోనే పుట్టీ బ్లేడు పెట్టి లాగితే అట్టలా ఊడొస్తుంది. పొగ వచ్చిందంటే వేడి ఎక్కువైనట్టే. అద్దం చుట్టూ మాత్రం హీట్ గన్ వద్దు, అక్కడ ఓపిగ్గా గీకడమే.

అసలు టెన్షన్ పడాల్సింది సీసం గురించి. మన దేశంలో ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నిబంధన 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. మీ తలుపు అంతకంటే పాతదైతే సీసం ఉందనుకునే పని చేయండి. వేడి 600 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి పోతే సీసం ఆవిరి వస్తుంది కాబట్టి 400 చుట్టూ ఉంచండి. పిల్లల్నీ గర్భిణుల్నీ దగ్గరికి రానివ్వొద్దు. గుడ్డ మాస్క్ దేనికీ పనికిరాదు, సీసానికి సరిపడే ఫిల్టర్లున్న రెస్పిరేటర్ కావాలి. రాలిన పెచ్చులు చీపురుతో ఊడ్చకండి, తడిగుడ్డతో ఎత్తండి.

థిన్నర్ డబ్బా ఆ గదిలోనే ఉండకూడదు. పనయ్యాక గన్‌ను రెండు నిమిషాలు చల్లగాలి మీద తిప్పి, తర్వాతే స్విచ్ ఆపండి.