పిక్కల కంటైనర్ తెప్పించే ముందు

చి॥ అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. ఆఫ్రికా జీడి పిక్కలు సొంతంగా తెప్పించుకుందామని చూస్తున్నావని మీ అమ్మ చెప్పింది. మంచి ఆలోచనే. ఉద్దానం పంటనొక్కదాన్నీ నమ్ముకుంటే పలాసలో ఏ ఫ్యాక్టరీ బాయిలరూ ఏడాది పొడవునా వెలగదు. అయితే టన్ను ధర అడగడానికి ముందే, ఏ ప్రభుత్వం ఏ తేదీన ఏ నిబంధన పెడుతుందో చూసుకో. ఈ దిగుమతుల్లో డబ్బు పోయేది ఎక్కువగా తేదీల దగ్గరే.

మన ప్రభుత్వానికి పెంకుతో ఉన్న పిక్క వేరు, పెంకు తీసిన పప్పు వేరు. పిక్క మీద సుంకాన్ని 2018 బడ్జెట్లో 5 నుంచి 2.5 శాతానికి తగ్గించారు. అదే పప్పు మీద 2019 జులైలో 45 నుంచి 70కి పెంచారు. అంతకు నెల ముందే కనీస దిగుమతి ధర కూడా కట్టారు: గుండుకి (విరగని పప్పుకి) కిలో 720 రూపాయలు, ముక్కకి 680. వియత్నాం పప్పు చౌకగా దిగి ఇక్కడి పనివాళ్ల పొట్ట కొట్టకూడదని ఈ ఏర్పాటు. ఎవరైనా ‘వేయించిన పప్పు’ అని కాగితాల మీద రాసి పచ్చి పప్పు దింపుదామంటే వాడి గడప తొక్కకు. పట్టుబడితే సరుకు జప్తు, పైన జరిమానా.

ఆఫ్రికా వాళ్లు ఇదే పని అవతలి వైపు నుంచి చేస్తున్నారు. పిక్క బయటికి పోకుండా తమ ఊళ్లోనే పప్పు తీయాలని వాళ్ల పట్టు. బెనిన్ 2024 ఏప్రిల్ 1 నుంచి పచ్చి పిక్కల ఎగుమతినే ఆపేసింది. ఐవరీ కోస్ట్ అదే ఏడాది సీజన్ మొదట్లో తమ ఫ్యాక్టరీలకు సరుకు అందాలని కొన్నాళ్లు ఎగుమతులు నిలిపింది. కాబట్టి పిక్క ఓడకెక్కినట్టు బిల్ ఆఫ్ లేడింగ్ చేతికి రాకుండా పూర్తి డబ్బు పంపకు. అక్కడి ఎగుమతి పన్ను పెరిగితే ఎవరు భరించాలో ఒప్పందంలో ఒక వాక్యం రాయించు. అది లేకపోతే అమ్మినవాడు ధర పెంచమంటాడు, లేదా మాట తప్పుతాడు.

ఇక మన వైపు తేదీలు. ఇవి రెండు రకాలు, కలిపేసుకోకు. సుంకం పెరిగితే పాత ఒప్పందం చూపించి తప్పించుకోలేవు. బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కి ఇచ్చే దిగుమతి పత్రం) ముందుగా వేసినా, ఓడకు రేవులో ప్రవేశ అనుమతి దొరికిన రోజు రేటే కట్టాలి. టాంజానియా పంట అక్టోబరు నుంచి జనవరి వరకు వస్తుంది, బడ్జెట్ ఫిబ్రవరి 1న. జనవరి ఆఖరికి సముద్రం మీదున్న సరుకుకి పాత రేటే పడుతుందని లెక్కలు వేసుకోకు. దిగుమతి మీద కొత్తగా కట్టడి పెడితే మాత్రం కొంత వెసులుబాటు ఉంది. కట్టడికి ముందే రద్దు చేయడానికి వీల్లేని ఎల్.సి. (అమ్మేవాడికి బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) తెరిచి ఉండి, దాన్ని కట్టడి పెట్టిన 15 రోజుల్లో విశాఖ డి.జి.ఎఫ్.టి. (విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) కార్యాలయంలో నమోదు చేయిస్తే మామూలుగా ఆ సరుకు దిగనిస్తారు. టి.టి. కొట్టి, అంటే బ్యాంకు నుంచి నేరుగా అడ్వాన్సు పంపేసినవాడికి ఆ దారి లేదు. ఎల్.సి. ఖర్చు దండగ అనేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు.

బిల్ ఆఫ్ ఎంట్రీ ఓడ వచ్చే ముందు రోజుకల్లా పడిపోవాలి. ఆలస్యమైతే మొదటి మూడు రోజులు రోజుకి 5,000, ఆ తర్వాత రోజుకి 10,000. లక్ష రూపాయల సరుకుకి 2.5 శాతం చొప్పున సుంకం 2,500, దాని మీద సర్‌చార్జి 250, అన్నీ కలిపిన మొత్తం మీద ఐ.జి.ఎస్.టి. (దిగుమతి మీద పడే జి.ఎస్.టి.) 5,137. ఈ చివరిది క్రెడిట్‌గా తిరిగొస్తుంది గానీ ముందు చేతి నుంచి పడాలి. వెనుకబడిన దేశాల సరుకుకిచ్చే సుంకం రాయితీ అడగాలనుకుంటే, సరుకు ఏ దేశానిదో చెప్పే ఆరిజిన్ సర్టిఫికెట్ ఒక్కటే చాలదు. పిక్క అక్కడే పండిందన్న వివరాలు నీ దగ్గరే ఐదేళ్లు ఉంచుకోవాలి. పొరుగు దేశం పిక్కను సరిహద్దు దాటించి అమ్మడం ఆ ప్రాంతంలో మామూలే, అందుకే కస్టమ్స్ అడుగుతుంది. క్రిమి పరీక్ష సర్టిఫికెట్, ఫ్యూమిగేషన్ (పురుగు చావడానికి పొగ పెట్టడం) కాగితం సరుకుతో పాటు రాకపోతే పెట్టె (కంటైనర్) రేవులోనే కూర్చుంటుంది, అద్దె పెరుగుతూనే ఉంటుంది.

నాణ్యత విషయంలో మొహమాటపడకు. కిలో పిక్కలు తీసి ఒక్కొక్కటీ కోయించు. మంచి పప్పు 262 గ్రాములు, మచ్చదీ ముడతదీ కలిపి 20 వచ్చాయనుకో, ఆ 20లో సగమే లెక్క. మొత్తం 272. దాన్ని 80 కిలోల బస్తాకి లెక్కేస్తే దాదాపు 48 పౌన్ల పప్పు (పౌను అంటే సుమారు 454 గ్రాములు). బస్తా 12,000 అయితే ఒక్క పౌను తేడాకి 250 రూపాయలు. రెండొందల బస్తాల పెట్టెకి యాభై వేలు! ఎంత పౌనుకి ధర, ఎంత తగ్గితే కోత, ఎక్కడ తిరస్కరణ అన్నవి మూడూ ఒప్పందంలో ఉండాలి. తేమ 10 శాతం దాటిన పిక్క పెట్టెలో చెమట పట్టి బూజెక్కుతుంది.

నీ ఐ.ఇ.సి.లో (దిగుమతి, ఎగుమతి కోడ్ నంబరు) ఏ మార్పూ లేకపోయినా ఏటా ఏప్రిల్, జూన్ మధ్య ఆన్‌లైన్‌లో ధ్రువీకరించాలి. లేకుంటే అది పనిచేయకుండా పోతుంది. అమ్మేవాడి ఒప్పందం ముసాయిదా రాగానే సంతకం పెట్టకుండా నాకు పంపు.

మీ మావయ్య